కోత వేరు, తెంపు వేరు: ఆర్థిక సంక్షోభంలో పెద్ద సైన్సు

(గాజియాబాద్‌ జిల్లా వైశాలిలో తెలుగువారి సభలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసానికి నిధి సమకూర్చిన కుటుంబం తమ తండ్రిగారి పేరు పదేపదే చెప్పవద్దని కోరింది. ఈ హాల్లో చాలామందికి ఆయన మాస్టారు. నేనూ అలాగే పిలుస్తాను. ఢిల్లీ బళ్ళలో రెండు తరాల తెలుగు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక ఈ వైశాలి ఫ్లాట్లలోకి వచ్చి స్థిరపడిన మనిషి. బడికి డబ్బు రాని ఏడాది కొత్త పరికరాలు కొనడం మానుకునేవారు కానీ, ప్రాక్టికల్స్ మాత్రం మాననిచ్చేవారు కాదని ఆయన శిష్యులు చెబుతారు. ఒక్క ఏడాది మానితే ఆ బ్యాచ్‌కి ప్రయోగం చేసే చెయ్యి అలవడదని ఆయన వాదన. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది కూడా ఆ వాదనే. కాకపోతే బడి ప్రయోగశాల గురించి కాదు, రాకెట్ల గురించి, భూగర్భంలో న్యూట్రినోలను పట్టే పరికరాల గురించి.

1991 జులై నెల ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దేశం దగ్గర విదేశీ మారకద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర పూచీగా పెట్టి అప్పు తెచ్చింది. అంతకుముందు మే నెలలోనే మరో 20 టన్నులు స్విట్జర్లాండు బ్యాంకుకు వెళ్ళాయి. ఇల్లు గడవక నగలు కుదువబెట్టడం అంటే ఏమిటో తెలియని తెలుగు కుటుంబం ఉండదు. అందుకే ఆ వార్త మనల్ని అంతగా గుచ్చింది. రూపాయి విలువ మూడు రోజుల్లో రెండుసార్లు తగ్గింది. ప్రధాని కుర్చీలో కూర్చుని జులై నిర్ణయాలకు బాధ్యత వహించింది మన వంగర పి.వి. నరసింహారావు గారు. అంతరిక్ష శాఖ కూడా ప్రధాని కిందే ఉంటుంది.

బంగారం దేశం దాటిన ఆ వేసవి తర్వాత, ఆగస్టు 29న, మన ఐఆర్ఎస్ వరసలో రెండో దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1బి బైకనూరు నుంచి నింగికెక్కింది. మాస్కోలో తిరుగుబాటు విఫలమై వారం దాటిందంతే. ఎగరేస్తున్న దేశం కూలిపోతోంది, ఉపగ్రహం యజమాని దేశం దివాలా అంచున ఉంది. అయినా ఆ ఉపగ్రహం పైకి వెళ్ళి ఏళ్ళ తరబడి మన పొలాలనూ చెరువులనూ ఫోటోలు తీసింది. హైదరాబాదు దగ్గర షాద్‌నగర్ కేంద్రంలో ఆ చిత్రాలు దిగాయి. ఇది నాకు ఎంతో ముఖ్యమైన సంఘటన. అప్పటికి పిఎస్ఎల్‌వి ఇంకా తయారవుతోంది, జిఎస్ఎల్‌వికి ఏడాది కిందటే అనుమతి వచ్చింది. వాటిలో ఒక్కటీ రద్దు కాలేదు.

రద్దు చేయడానికి సాకులు లేక కాదు. 1987లో, 1988లో ఎఎస్ఎల్‌వి వరసగా రెండుసార్లు సముద్రంలో పడింది. 1992 మేలో అమెరికా ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది. 1991 జనవరిలో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో కుదిరిన క్రయోజెనిక్ ఒప్పందంలో సాంకేతిక విజ్ఞానం ఇస్తామన్న షరతు 1993లో ఎగిరిపోయింది, తయారైన ఇంజన్లు మాత్రం ఇస్తామన్నారు. ఆ ఏడాదే సెప్టెంబరు 20న శ్రీహరికోటలో పిఎస్ఎల్‌వి తొలిసారి లేచింది. మొదటి దశ బాగా మండింది. రెండో దశ విడిపోయే క్షణాల్లో రాకెట్ ఒరిగింది, దాన్ని సరిదిద్దాల్సిన సాఫ్ట్‌వేర్‌లో దాగి ఉన్న లెక్కల లోపం అడ్డం తిరిగింది. ఐఆర్ఎస్-1ఇ ఉపగ్రహంతో సహా అంతా బంగాళాఖాతంలో కలిసిపోయింది. పదకొండేళ్ళ పని అది.

ఆ రోజు ఆర్థిక శాఖ అధికారిగా నేనుంటే ఏం రాసేవాణ్ణో ఊహించుకుంటాను. బంగారం తాకట్టు విడిపించుకుని ఎన్నాళ్ళో కాలేదు, ఎరువుల సబ్సిడీ మీద కోత పెట్టాం, రాకెట్ నీళ్ళలో పడింది. కొన్నాళ్ళు ఆపండి అని రాయడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. అలా రాయకపోవడం వల్ల, 1994 అక్టోబరు 15న రెండో పిఎస్ఎల్‌వి ఐఆర్ఎస్-పి2ని కక్ష్యలో పెట్టింది. చంద్రయాన్-1, మంగళయాన్ రెండూ ఎక్కి వెళ్ళింది ఆ రాకెట్ల వంశంలోనే.

ఆ మధ్యలో ఆపి ఉంటే ఏమయ్యేదో చెప్పాలంటే, రాకెట్ మొదటి దశ ఎలా తయారవుతుందో కాస్త దగ్గరగా చూడాలి. పిఎస్ఎల్‌వి మొదటి దశ ఐదు ముక్కలుగా ఉండే ఉక్కు గొట్టం. ఆ ఉక్కు మామూలుది కాదు, మారేజింగ్ స్టీల్. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిధాని దాన్ని తయారు చేస్తుంది. శ్రీహరికోటలో ఆ గొట్టంలోకి ఘన ఇంధనం పోస్తారు. అమ్మోనియం పర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, వాటిని పట్టి ఉంచే రబ్బరు లాంటి జిగురు, అన్నీ పెద్ద మిక్సర్లలో కలిపితే చిక్కటి బూడిదరంగు ముద్ద వస్తుంది. గాలి లేకుండా చేసిన గదిలో దాన్ని గొట్టంలోకి దించుతారు. వెచ్చటి గదుల్లో రోజుల తరబడి గట్టిపడనిస్తారు. మధ్యలో నిలబెట్టిన అచ్చును బయటికి లాగితే లోపల ఖాళీ మిగులుతుంది, మంట ఆ ఖాళీలోంచే మొదలవుతుంది. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. ఎక్కడైనా గాలి బుడగ గానీ పగులు గానీ మిగిలితే అక్కడ మండే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది, పీడనం పెరుగుతుంది, గొట్టం పేలిపోవచ్చు. ముద్ద ఎంత చిక్కగా ఉన్నప్పుడు పోయాలి, తేమ ఎక్కువున్న రోజున ఏం మార్చాలి, ఎక్స్‌రే ఫిల్ము మీద మచ్చ బుడగా లేక నీడా అన్నవి మాన్యువల్‌లో ఉంటాయి. మాన్యువల్ చదివి ముద్ద పోసేవాడికీ, పదిసార్లు పోసిన సీనియర్ పక్కన నిలబడి నేర్చుకున్నవాడికీ తేడా ఉంటుంది.

ఇలాంటి చేతులు ఒక్క శ్రీహరికోటలోనే లేవు. మిధానిలో ఉన్నాయి, హైదరాబాదులోనే 1970లో మొదలైన ఎంటార్‌లో ఉన్నాయి. ఇంజన్ భాగాలను అణువంత తేడా లేకుండా కోసే లేత్ మెషినిస్టు, వెల్డరు, నాణ్యత చూసే ఇన్‌స్పెక్టరు కూడా ఆ గొలుసులో వాళ్ళే. ఇస్రో మూడేళ్ళు ఆర్డర్లు ఆపితే శాస్త్రవేత్తల జీతాలు ఆగవు, వాళ్ళు ప్రభుత్వోద్యోగులు. ఆర్డరు లేని ఫ్యాక్టరీ మాత్రం ఆ వెల్డర్ని వేరే పనికి పంపుతుంది, లేదా అతనే గల్ఫ్‌కి వెళ్ళిపోతాడు. మూడేళ్ళ తర్వాత డబ్బు తిరిగి వస్తుంది, అతను రాడు. కోత భరించవచ్చు, గడువు జరుపుకోవచ్చు, ఈ గొలుసు తెగితే మాత్రం మళ్ళీ మొదటికే వస్తాం. క్రయోజెనిక్ ఇంజను సంగతే చూడండి. 1994లో సొంతంగా చేద్దామని మొదలుపెట్టారు. ద్రవ హైడ్రోజన్‌ను సున్నాకి 253 డిగ్రీల దిగువన పట్టి ఉంచే విద్య అది. 2010లో మొదటి ప్రయత్నం విఫలమైంది. 2014 జనవరి 5న గెలిచింది. ఆ ఇరవై ఏళ్ళలో ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చింది, పోఖ్రాన్ తర్వాత ఆంక్షలు వచ్చాయి, 2008 ఆర్థిక మాంద్యం వచ్చింది. పని నెమ్మదించింది, ఆగలేదు.

అసలు మన అంతరిక్ష కార్యక్రమం పుట్టిందే లేమిలో. 1965, 66లలో వరసగా వానలు లేవు. అమెరికా గోధుమల ఓడ వస్తే గానీ రేషను దుకాణం తెరవని కాలం. 1966 జూన్ 6న డాలరుకు 4.76 ఉన్న రూపాయి 7.50కి పడింది. అదే ఏడాది జనవరిలో హోమీ భాభా విమాన ప్రమాదంలో పోయారు. పంచవర్ష ప్రణాళికే మూడేళ్ళు వాయిదా పడింది. ఆ మూడేళ్ళలోనే విక్రమ్ సారాభాయ్ అహ్మదాబాదులో ఉపగ్రహ భూకేంద్రం కట్టించారు, తుంబా రాకెట్ కేంద్రాన్ని ఐక్యరాజ్యసమితికి అంకితం చేయించారు. 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది, రాకెట్లు ఎగరేయడానికి అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట ఎంపికైంది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి చిన్న రోహిణి రాకెట్ లేచింది.

శ్రీహరికోట ఖాళీ దీవి కాదు. అక్కడ యానాదులుండేవారు. అడవి, పులికాట్ సరస్సు, చేపలు, తేనె వాళ్ళ బతుకు. రాకెట్ కేంద్రం కోసం వాళ్ళను అక్కడి నుంచి తరలించారు. సూళ్ళూరుపేట నుంచి సరస్సు మీదుగా వెళ్ళే రోడ్డు ఇవాళ ప్రతి ప్రయోగానికీ టీవీల్లో కనిపిస్తుంది, ఆ దీవి వదిలి వెళ్ళిన కుటుంబాల మూడో తరం ఎక్కడుందో ఏ ఛానలూ చూపదు. పెద్ద సైన్సు ఖర్చు లెక్కలో ఇది కూడా ఉంది. నేను ఆ కార్యక్రమాన్ని ప్రేమిస్తాను కాబట్టే ఈ మాట ఈ వేదిక మీద చెప్పకుండా ఉండలేను.

అంత పేద దేశం రాకెట్ల మీద డబ్బు పెట్టడం న్యాయమా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. అడిగేవాళ్ళ మీద విరుచుకుపడటం నాకు నచ్చదు. ఆకలి ఉన్నచోట ఆ ప్రశ్న రాకపోతేనే తప్పు. జవాబు మన కోస్తాలో ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. మృతుల అధికారిక లెక్కే పది వేల దగ్గర. అప్పటికి మనదంటూ భూస్థిర ఉపగ్రహం లేదు. 1983లో ఇన్‌శాట్-1బి పైకి వెళ్ళింది. అర్ధగంటకోసారి బంగాళాఖాతం మీది మబ్బుల చిత్రం ఢిల్లీ మౌసమ్ భవన్‌కి అందే వీలు కలిగింది. ఆ ఉపగ్రహం ద్వారానే తుఫాను హెచ్చరిక తీరంలోని రిసీవర్లకు నేరుగా చేరే ఏర్పాటు ఆ దశాబ్దంలో వచ్చింది. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుఫాను మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవారు 967 మంది. ఒక్క ప్రాణం పోయినా ఎక్కువే, కానీ పది వేలకూ ఈ సంఖ్యకూ మధ్య ఉన్న మనుషులు మన బంధువులు. ఘనతంతా ఉపగ్రహానిదే అనను. మచిలీపట్నం రాడార్, తుఫాను షెల్టర్లు, రాత్రంతా లారీలు తిప్పిన రెవెన్యూ సిబ్బంది, అందరిదీ. ఉపగ్రహం వాళ్ళకు రెండు రోజుల సమయం ఇచ్చింది.

అంతకుముందే, చమురు ధర నాలుగింతలై దేశంలో ధరలు పాతిక శాతం దాకా ఎగబాకిన కొద్దికాలానికే, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. కరెంటు సరిగ్గా లేని ఊళ్ళో, వలతో చేసిన గొడుగు లాంటి యాంటెనా కింద, పశువుల జబ్బుల గురించీ పంటల గురించీ తెలుగులో చెప్పారు. సొంత ఉపగ్రహం లేదని కూర్చోలేదు, అరువు ఉపగ్రహంతో మన ఇంజనీర్లు పని నేర్చుకున్నారు. లేమిలో చేయదగ్గ తెలివైన పని అదేనని నా నమ్మకం.

ఖర్చు సంగతికి వస్తే, 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల 65 వేల కోట్లు, అందులో అంతరిక్ష శాఖకు 13,416 కోట్లు. వంద రూపాయల్లో పావలా మీద ఒక పైసా. ఆ పావలా ఆపితే పేదరికం పోదు. అలాగని ఆ పావలాకు లెక్క అడగకూడదనీ కాదు.

ఇక కోలారు కథ. ఇది నా మనసుకు చాలా దగ్గరిది, నొప్పి పెట్టేది కూడా. మన చిత్తూరు జిల్లాను ఆనుకునే ఉన్న కోలారు బంగారు గనుల్లో తమిళ, తెలుగు కార్మికులు తరతరాలుగా దిగారు. ప్రపంచంలోని లోతైన గనుల్లో అదొకటి. 1950ల నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు అక్కడ విశ్వకిరణాల మీద పని చేశారు. లోతుకు వెళ్ళేకొద్దీ పైనుంచి వచ్చే కణాలను నేలే ఆపేస్తుంది. 2.3 కిలోమీటర్ల లోతున దాదాపు నిశ్శబ్దం. ఆ లోతులో 1965లో, వాతావరణంలో పుట్టి భూమిని చీల్చుకుని వచ్చే న్యూట్రినోల జాడ ప్రపంచంలో తొలిసారిగా దొరికిన చోట్లలో కోలారు ఒకటి. రెండోది దక్షిణాఫ్రికా గని. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంటన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి, జపాను నుంచి మియాకే, ఇంగ్లండు నుంచి వుల్ఫెండేల్ ఆ బృందంలో ఉన్నారు. బోనులో కిందికి దిగి, ఉక్కపోతలో, ఎప్పుడు బండ పేలుతుందో తెలియని సొరంగంలో డిటెక్టర్లు బిగించారు. వాళ్ళకు తోడు నడిచింది గని కార్మికులు.

1980లో అక్కడే ఇనుప పలకల మధ్య వాయువు నింపిన గొట్టాలు పేర్చి, 140 టన్నుల పరికరంతో, ప్రోటాన్ విచ్ఛిన్నమవుతుందా అని వెతకడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నకు ప్రపంచంలో అందరికన్నా ముందు రంగంలోకి దిగినవాళ్ళలో మనమూ ఉన్నాం. కొన్ని ఆశ పుట్టించే సంఘటనలు కనిపించాయి, తర్వాతి పెద్ద పరికరాలు వాటిని నిర్ధారించలేదు. అది సైన్సులో మామూలే. మామూలు కానిది ఆ తర్వాత జరిగింది. బంగారం తవ్వే ఖర్చు బంగారం ధరను దాటింది. గని నష్టాల్లో పడింది. 1990ల తొలినాళ్ళలో ప్రయోగాలు ముగిశాయి. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. నీళ్ళు తోడే పంపులు ఆగాయి, సొరంగాల్లోకి నీరు ఎక్కింది.

జపానులో కమియోకా అనే సీసం, జింకు గని ఉంది. కోలారు పరికరం మొదలైన మూడేళ్ళకు, 1983లో, అక్కడ 3,000 టన్నుల నీళ్ళ తొట్టెతో అదే ప్రోటాన్ ప్రశ్న వెతకడం మొదలైంది. ప్రోటాన్ దొరకలేదు, 1987లో పేలిన నక్షత్రం నుంచి న్యూట్రినోలు దొరికాయి. 1990ల్లో జపాను ఆర్థిక వ్యవస్థ కుదేలైంది, స్థలాల ధరలూ షేర్లూ కూలాయి. ఆ దశాబ్దంలోనే వాళ్ళు 50,000 టన్నుల సూపర్ కమియోకాండే కట్టారు. 1998లో న్యూట్రినోకు ద్రవ్యరాశి ఉందని చూపారు. 2001లో ఆ గనిలోనూ తవ్వకం ఆగిపోయింది. కోలారు మూతపడిన ఏడే. ప్రయోగశాల మాత్రం ఆగలేదు. ఆ నవంబరులో ప్రమాదం జరిగి ఆరు వేలకు పైగా కాంతిని పట్టే గొట్టాలు పగిలిపోయాయి. మిగిలినవాటిని సర్దుకుని ఏడాదిలో మళ్ళీ మొదలుపెట్టారు. అక్కడి శాస్త్రవేత్తలు కోషిబా, కజిటా ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు హైపర్ కమియోకాండే కడుతున్నారు.

రెండు గనులూ నష్టపోయాయి. ఒకచోట ప్రయోగశాలను గని ఖాతాలోంచి వేరు చేశారు, మరోచోట చేయలేదు. అప్పట్లో ఆ పంపులు కొన్నేళ్ళు నడిపే ఖర్చు దేశం మోయలేనిదని నేననుకోను. ఆ తర్వాత మనం ఏం చేశామో తెలుసు. కొత్త న్యూట్రినో ప్రయోగశాల కోసం నీలగిరుల్లో సింగారను అనుకున్నాం, 2009లో పర్యావరణ కారణాలతో కాదన్నారు. తేని జిల్లాకు మారాం, 2015 జనవరిలో దాదాపు 1,500 కోట్లకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. కొండ ఇప్పటికీ కొండగానే ఉంది. స్థానికుల భయాలను మొదటి రోజు నుంచీ కూర్చోబెట్టి వినకపోవడం అందులో పెద్ద తప్పు. చైనా 2015లో జియాంగ్‌మెన్‌లో తవ్వడం మొదలుపెట్టి 2025 ఆగస్టు నుంచి డేటా తీసుకుంటోంది. మన ప్రయోగశాల కోసమని శిక్షణ పొందిన కుర్రవాళ్ళు ఎందరో పరాయి దేశాల డిటెక్టర్ల మీద పని చేస్తున్నారు.

అమెరికా వాళ్ళు తెలివైనవాళ్ళు, ఇలాంటి తప్పు చేయరనుకోవద్దు. టెక్సస్‌లో 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో సూపర్ కొలైడర్ మొదలుపెట్టి, 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, పావు వంతు సొరంగం తవ్వాక 1993 అక్టోబరులో రద్దు చేశారు. ఐరోపాలో అలాంటి కొలైడరే కడుతున్న సెర్న్‌కి కూడా 1996లో దెబ్బ తగిలింది. జర్మనీ ఏకీకరణ ఖర్చుల్లో పడి చందా తగ్గించమంది, మిగతావాళ్ళూ సరేనన్నారు. సెర్న్ అప్పు తెచ్చింది, గడువు పొడిగించుకుంది, మన ఇండోర్ పరిశోధన కేంద్రం లాంటి బయటివాళ్ళ చేత భాగాలు చేయించుకుంది. అయస్కాంతాలను నిలబెట్టే జాకీలే ఏడు వేలకు పైగా మన దేశం నుంచి వెళ్ళాయి. 2012లో హిగ్స్ కణం దొరికింది అక్కడే. సోవియట్ యూనియన్‌లో బురాన్ అంతరిక్ష నౌక 1988 నవంబరులో మనిషి లేకుండా వెళ్ళి తిరిగొచ్చింది. దేశం విడిపోయాక 1993లో కార్యక్రమం ఆపేశారు. 2002 మేలో బైకనూరు హ్యాంగరు కప్పు కూలి ఆ నౌక నుజ్జయింది, ఎనిమిది మంది కార్మికులు చనిపోయారు. ఆ కప్పు మరమ్మతు కోసం ఎక్కినవాళ్ళు వాళ్ళు.

దూరాలెందుకు, ఈ హాలు నుంచి కొద్ది దూరంలో సాహిబాబాద్ పారిశ్రామిక వాడలో సౌర్ ఊర్జా మార్గ్ అనే రోడ్డుంది. సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ అక్కడే. మీలో చాలామంది ఆఫీసుకి వెళ్తూ ఆ గోడ పక్క నుంచే పోతుంటారు. 1974లో, చమురు సంక్షోభం నడిమధ్య, ప్రభుత్వ ప్రయోగశాలల్లో పుట్టిన విద్యను వస్తువుగా మార్చడానికి పెట్టిన సంస్థ. దేశంలో మొదటి సౌర ఘటం 1977లో, మొదటి సౌర ఫలకం 1978లో తయారైంది ఇక్కడే, మన వైశాలి పక్కనే. చమురు మండిపోతున్నప్పుడు సూర్యుడు గుర్తొచ్చాడు. 1980ల మధ్యలో చమురు ధర పడిపోయింది, ఉత్సాహమూ పడిపోయింది. మూడు దశాబ్దాల తర్వాత ఎడారుల్లో సోలార్ పార్కులు పరిచే రోజు వచ్చేసరికి ఫలకాల్లో సింహభాగం చైనా నుంచి కొన్నాం. 2021లో ఆ సంస్థను 210 కోట్లకు అమ్మాలని నిర్ణయించారు, ఉద్యోగులు కోర్టుకెక్కారు, 2022లో ఆ అమ్మకం రద్దయింది. సంక్షోభం వచ్చినప్పుడే పథకాలు చస్తాయనుకుంటాం. సంక్షోభం వెళ్ళిపోయాక కూడా, ఇక అవసరం లేదులే అన్న ధీమాలో చస్తాయి.

మన కాలానికి వద్దాం. 2020-21లో కరోనా దెబ్బకు దేశ ఆదాయం ఆరు శాతం దాకా కుంగింది. అంతరిక్ష శాఖకు 13,479 కోట్లు కేటాయించి, మధ్యలో 9,500 కోట్లకు సవరించారు. 2020 క్యాలెండరులో శ్రీహరికోట నుంచి లేచినవి రెండే రాకెట్లు. ఆసుపత్రుల్లో పడకల కోసం పరుగులు తీసిన కాలంలో ఆ కోతను నేను తప్పుపట్టను. కానీ ఖర్చు కాని డబ్బు మార్చి 31న మురిగిపోతుంది. పదేళ్ళు పట్టే పనిని పన్నెండు నెలల సంచుల్లో కడుతున్నాం. ఈశాన్య రాష్ట్రాల కోసం 1998-99లో మురగని నిధి ఒకటి పెట్టారు. పెద్ద సైన్సుకు అలాంటిది పెట్టకపోవడానికి నాకు కారణం కనిపించదు. మంచి ఏడాది మిగిలింది చెడ్డ ఏడాదికి పనికొస్తే, ఆర్డర్లు ఆగవు, ఫెలోషిప్పులు ఆగవు.

రాకెట్ల వెలుగులో మరో సంగతి మరుగున పడుతోంది. పరిశోధన మీద దేశం మొత్తం ఖర్చు 2020-21లో జాతీయోత్పత్తిలో 0.64 శాతం. ఉస్మానియా వాళ్ళ జాపాల్-రంగాపూర్ వేధశాలలో 1968లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో అక్కడికి వచ్చారు. తర్వాత నిర్వహణకు మనుషులూ లేరు, డబ్బూ లేదు. ఇస్రోకి ఇంజనీర్లు ఊడిపడరు, ఇలాంటి చోట్ల తయారవుతారు. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ ఫౌండేషన్‌కు ఐదేళ్ళలో 50,000 కోట్లన్నారు, అందులో ప్రభుత్వం వాటా 14,000 కోట్లే, మిగతా 36,000 కోట్లు పరిశ్రమల నుంచీ దాతల నుంచీ రావాలి. సంక్షోభం వస్తే మొదట వెనక్కి వెళ్ళేది ఆ డబ్బే. పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా హైదరాబాదులో పెట్టిన స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగరేసినప్పుడు నాకు చాలా సంతోషమైంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లోనే, అప్పటికే ఉపగ్రహాలను కక్ష్యలోకి చేర్చి ఉన్న వర్జిన్ ఆర్బిట్ దివాలా తీసింది. ప్రైవేటు పెట్టుబడి మీద ఎంత బరువు వేయాలో ఆలోచించడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

రాబోయే పదేళ్ళకు మనం చాలా నెత్తికెత్తుకున్నాం. 2024 సెప్టెంబరులో ఒక్క రోజే చంద్రయాన్-4కి 2,104 కోట్లు, శుక్రగ్రహ యాత్రకు 1,236 కోట్లు, కొత్త తరం రాకెట్‌కు 8,240 కోట్లు మంజూరయ్యాయి. గగన్‌యాన్ మొత్తం 20,193 కోట్లకు చేరింది. 2025 జనవరిలో శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 3,985 కోట్లు. వీటన్నిటి మధ్య ఒక సంక్షోభం రాకుండా ఉండదు. చమురో, యుద్ధమో, రూపాయో. అప్పుడు దేన్ని వాయిదా వేయాలో ఇప్పుడే, ప్రశాంతంగా, పార్లమెంటు ముందు రాసిపెట్టాలని నా కోరిక. శుక్రుడు రెండేళ్ళు ఆగగలడు. వాతావరణ ఉపగ్రహం ఆగకూడదు. మిధానికి వెళ్ళే కనీస ఆర్డరు ఆగకూడదు. పరిశోధక విద్యార్థుల స్టైపెండు ఒక్క నెల కూడా ఆగకూడదు. మంచి కాలంలో కూడా అది నెలల తరబడి ఆలస్యమవుతోందని కుర్రవాళ్ళు చెబుతుంటే తల దించుకోవలసి వస్తోంది.

చివరగా లైగో-ఇండియా. గురుత్వ తరంగాలను పట్టే ఈ కేంద్రాన్ని మహారాష్ట్ర హింగోలి జిల్లాలో, మన ఆదిలాబాదు, నిజామాబాదుల నుంచి ఎంతో దూరం లేని చోట కడుతున్నారు. 2016 ఫిబ్రవరిలో సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు 1,260 కోట్లన్నారు. తుది అనుమతి 2023 ఏప్రిల్‌లో వచ్చేసరికి 2,600 కోట్లయింది. మన కోసమని అమెరికా పక్కన పెట్టిన పరికరాలు హాన్‌ఫర్డ్ గోదాములో పెట్టెల్లో ఏళ్ళ తరబడి ఉన్నాయి. దశాబ్దం చివరికి పూర్తి చేయాలని లక్ష్యం. ఆ నాలుగు కిలోమీటర్ల గొట్టాలను, అద్దాలను బిగించాల్సిన వాళ్ళకు ఇప్పుడు ఇరవై, ఇరవై రెండేళ్ళు ఉంటాయి. అలాంటి పిల్లలు ఈ హాల్లో వెనక వరసల్లో కూర్చుని ఉన్నారు, ఢిల్లీ కాలేజీల నుంచి మెట్రో పట్టుకుని వచ్చారు. ఈ సభలో ప్రశ్నలకు సమయం తప్పకుండా ఉంచాలని మాస్టారి కుటుంబం షరతు పెట్టింది. మొదటి ప్రశ్న వాళ్ళనే అడగమంటున్నాను.